గచ్చిబౌలి కంచలో మన మందుమొక్కలు

తక్షశిలలో వైద్యవిద్య ముగించుకుంటున్న జీవకుణ్ణి గురువుగారు పరీక్షించిన కథ మన పాఠకులలో చాలామందికి తెలిసినదే. ఊరి చుట్టూ ఒక యోజనం మేర తిరిగి, ఔషధగుణం లేని మొక్క ఏదైనా కనిపిస్తే తెమ్మన్నారట. జీవకుడు ఓపికగా వెదకి, వట్టి చేతులతో తిరిగి వచ్చి, అటువంటి మొక్క ఒక్కటీ కనబడలేదని విన్నవించుకున్నాడు. గురువుగారు సంతోషించి వైద్యుడుగా సెలవిచ్చి పంపారు. బౌద్ధ గ్రంథాలలోని ఈ కథను ఆయుర్వేదాభిమానులు ప్రతి మొక్కలోనూ మందు ఉన్నదని చెప్పడానికి ఉదాహరిస్తూ ఉంటారు. నాకు మాత్రం ఇందులో మరొక విషయం ముఖ్యంగా తోస్తుంది. ఆ యోజనం మేర ఉన్న ప్రతి మొక్కనూ జీవకుడు పేరు పెట్టి పిలువగలిగాడు.

అదే పరీక్ష నేడు గచ్చిబౌలి కూడలిలో మనకు పెడితే ఎందరం నెగ్గగలం? పై వంతెనల క్రింద, అద్దాల మేడల నడుమ, గోడ పగుళ్ళలో, ఇంకా ఇల్లు లేవని ఖాళీ స్థలాలలో వర్షాకాలం రాగానే మొలిచే మొక్కలలో సగానికి పైగా మన అమ్మమ్మల కాలంలో ఇంటి మందులే. ఇప్పుడు వాటన్నింటికీ కలిపి మనం పెట్టుకున్న పేరు ఒక్కటే: పిచ్చిమొక్కలు.

గచ్చుతో కట్టిన బావి అనే అర్థం గచ్చిబౌలి పేరులోనే ఉన్నది. కొందరు జ్వరానికి వాడే గచ్చకాయతో ఈ పేరును ముడిపెట్టి ముచ్చటపడతారు గాని, అది వినోదానికి మాత్రమే. ఊరి పేరు ముందు రెవెన్యూ కాగితాలలో చేర్చే ‘కంచ’ అన్న మాట మనకు ఎక్కువ పనికివస్తుంది. తెలంగాణ పల్లెలలో కంచ అంటే సాగుకు లొంగని రాతి నేల. పశువుల మేతకూ, వంటచెరకుకూ, కంపకూ వదలిపెట్టిన పొదల భూమి. నాగలి తగలని నేల గనుక అక్కడి మొక్కలు తరతరాలుగా చెక్కుచెదరక నిలిచాయి. దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి నల్లసేనపు రాళ్ళు, వాటి మధ్య జానెడు లోతు మట్టి, ఏడాదిలో నాలుగు నెలల తడి, ఎనిమిది నెలల ఎండ. ఈ కష్టాన్ని తట్టుకోవడానికి మొక్క తన ఆకులోను, బెరడులోను, వేరులోను చేదును, వగరును, సువాసనను నింపుకుంటుంది. పురుగు, పశువు తనను తినివేయకుండా మొక్క చేసుకున్న ఈ ఏర్పాటే మనకు ఔషధం. రసాయన శాస్త్రం ఆల్కలాయిడ్లని, టానిన్లని పిలిచేది వీటినే.

1974లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఇక్కడ 2,300 ఎకరాలకు పైగా స్థలం కేటాయించబడింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత చుట్టూ నగరం పెరిగింది. విశ్వవిద్యాలయ ప్రాంగణమూ, దానిని ఆనుకొని ఉన్న కంచ భూములూ మాత్రం చాలావరకు పాత దక్కను పొదలతోనే మిగిలాయి. ఈ ప్రాంగణ పరిసరాలలో 700కు పైగా పుష్పజాతి మొక్కలను వృక్షశాస్త్రజ్ఞులు గుర్తించారు. కార్యాలయాల వారు మధ్యాహ్న భోజనానికి నడిచి వెళ్ళగల దూరంలో ఇంత సంపద ఉన్న నగరాలు మన దేశంలో అరుదు.

మేక ముట్టని ఆకు

మొదట అడ్డసరాన్ని తీసుకుందాం. సంస్కృతంలో వాసా అంటారు. మనిషెత్తు పొద, పొడవైన ఆకులు, తెల్లని పూలు నోరు తెరచిన సింహం ముఖంలా ఉంటాయి గనుక సింహాస్యమనే పేరు కూడా వచ్చింది. ఆకు నలిపితే ఒక విధమైన వెగటు వాసన. మేక ముట్టనిది అనే అర్థం గల ద్రవిడ భాషల మాటే శాస్త్రజ్ఞులు పెట్టిన ‘అధతోడ’ అన్న పేరుకు మూలం. పశువులు తినవు కాబట్టి దీనిని చేల గట్లమీద కంచెగా నాటేవారు.

దగ్గుకు, ఆయాసానికి, కఫం గట్టిపడి రానప్పుడు ఆయుర్వేదం వాసను ప్రధాన ఔషధంగా చెప్పింది. ఆకులను ఆవిరిపై మెత్తబరచి, దంచి, పిండిన రసం రెండు చెంచాలలో ఒక చెంచా తేనె కలిపి రోజుకు రెండు పూటలు పెద్దవారు సేవించడం ఇంటి పద్ధతి. పచ్చి ఆకు దంచితే రసం సులభంగా రాదు. ఆవిరి పట్టించడంలోని కిటుకు అదే.

ఈ ఆకులోని ప్రధాన క్షారపదార్థానికి వాసిసిన్ అని పేరు. దీని నిర్మాణాన్ని ఆధారంగా చేసుకొని రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేసిన బ్రోమ్‌హెక్సిన్ 1960ల నుండి వైద్యంలో ఉన్నది. దాని నుండి వచ్చినదే అంబ్రాక్సాల్. మీ ఇంట మందుల పెట్టెలో ఉన్న దగ్గు సిరప్ సీసాను తీసి చూడండి. ఈ రెండు పేర్లలో ఏదో ఒకటి కనబడే అవకాశం ఎక్కువ. మన గట్టుమీది పొద రూపు మార్చుకొని మందుల దుకాణానికి వెళ్ళి, పట్టీ అంటించుకొని మన ఇంటికే తిరిగి వచ్చింది.

రెండు హెచ్చరికలు తప్పనిసరి. అడ్డసరానికి గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం ఉన్నది. గర్భవతులు దీనిని సేవించరాదు. ఏడాది లోపు శిశువులకు తేనె నాకించరాదు. ఇక రక్తంతో కూడిన దగ్గుకు ప్రాచీనులు వాసను వాడారన్నది నిజమే గాని, వారికి కఫ పరీక్ష లేదు, మనకు ఉన్నది. రెండు వారాలకు మించిన దగ్గు, రక్తం పడడం, సాయంకాలపు జ్వరం ఉన్నవారు ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేసే క్షయ పరీక్ష చేయించుకొని, ఆ తరువాతనే ఆకు సంగతి ఆలోచించాలి.

పచ్చకామెర్లు, నేల ఉసిరి

తెలుగునాట ప్రతి తాలూకాలోనూ పచ్చకామెర్లకు పసరు పోసే ఊరు ఒకటి ఉంటుంది. ఆ పసరులో తరచుగా ఉండేది నేల ఉసిరి. జానెడు మొక్క, చింతాకు వంటి ఆకులు, రెమ్మ క్రింది భాగాన వరుసగా ఆవగింజలంత కాయలు వ్రేలాడుతుంటాయి. మొదటి వానలు పడిన మూడు వారాలకు కంచలోనే కాదు, మీ అపార్టుమెంటు వాహనాల చోట పూలకుండీలోనూ తనంత తానుగా మొలుస్తుంది.

ఈ మొక్క కథ తెలుసుకోదగినది. హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ బహుమతి పొందిన బరూచ్ బ్లంబర్గ్, మద్రాసు శాస్త్రజ్ఞుడు ఎస్.పి.త్యాగరాజన్ బృందంతో కలిసి నేల ఉసిరిని పరీక్షించారు. 1988లో లాన్సెట్ పత్రికలో వెలువడిన వారి వ్యాసం ప్రపంచాన్ని ఆకర్షించింది: నేల ఉసిరి చూర్ణం తీసుకున్న 37 మంది వైరస్ వాహకులలో 22 మందికి రక్తంలో ఆ వైరస్ గుర్తు కనబడకుండా పోయింది. ఎంతటి ఆశ! కాని తరువాత ఇతర చోట్ల జరిపిన పరీక్షలలో అటువంటి ఫలితం స్థిరంగా రాలేదు. అనేక పరీక్షలను కలిపి తూచిన సమీక్షలు కూడా నమ్మదగిన నిరూపణ లేదనే తేల్చాయి. తీసుకున్న మొక్క జాతిలో తేడాయా, పెరిగిన నేలలో తేడాయా, మోతాదులో తేడాయా అన్న చర్చ మాత్రం సాగింది. చూడడానికి ఒకే తీరుగా ఉండే నేల ఉసిరి జాతులు మన పెరళ్ళలోనే నాలుగైదు ఉన్నవి మరి.

మరి ఊళ్ళో పసరు త్రాగినవారికి కామెర్లు ఎలా తగ్గుతున్నవి అని పాఠకులు అడుగవచ్చు. కలుషిత నీటి వలన వచ్చే హెపటైటిస్-ఎ సాధారణంగా కొన్ని వారాలలో తనంతట తానే శాంతిస్తుంది. ఉప్పు, నూనె తగ్గించి, విశ్రాంతి ఇచ్చి, పసరు పోస్తే ఆ కీర్తి పసరుకు దక్కుతుంది. ఆ ఆరోగ్య నియమాలు మంచివే. వాటిని తప్పు పట్టనక్కరలేదు. కాని కామెర్లకు కారణం పైత్యకోశపు రాయి కావచ్చు, హెపటైటిస్-బి కావచ్చు, వాడుతున్న మాత్రలే కావచ్చు. ఆ రోగులకు పసరు కోసం వెచ్చించిన నెల రోజులు ప్రాణాపాయంగా పరిణమిస్తాయి. కామెర్లు వచ్చిన మనిషికి మొదటి మందు రక్తపరీక్ష. హెపటైటిస్-బి రాకుండా టీకా ఉన్నది. మన దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ టీకాను 1997లో తెచ్చినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థే. నేల ఉసిరిని ప్రేమించేవారు పిల్లలకు ఈ టీకా వేయించడం మరువరాదు. రెండింటికీ వైరం లేదు.

తిప్పతీగ తిప్పలు

2020లో కరోనా వచ్చినప్పుడు తిప్పతీగకు పట్టిన యోగం మరే మొక్కకూ పట్టలేదు. వేపచెట్టుకు ప్రాకిన తీగ శ్రేష్ఠమని శాస్త్రం చెప్పింది గనుక వేపచెట్లన్నీ ఒక్క నెలలో తీగలు లేకుండా పోయాయి. తిప్పతీగకు సంస్కృతంలో గుడూచి అనీ, అమృత అనీ పేర్లు. కోసి పారవేసిన ముక్క గాలిలో వ్రేలాడుతూ కూడా దారం వంటి వేళ్ళను క్రిందికి దించి నేలను అందుకుంటుంది. అమృత అన్న పేరు అందుకు తగినదే. జీర్ణజ్వరాలలో, కీళ్ళవాపులలో, మధుమేహంలో దీనిని సహాయకంగా వాడే ఆచారం ప్రాచీనమైనది.

అయితే 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగను వాడిన ఆరుగురు రోగులలో కాలేయం దెబ్బతిన్నట్లు ప్రకటించారు. తరువాత మరికొన్ని ఆసుపత్రుల నుండి కూడా అటువంటి కేసులు నమోదయ్యాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీనితో ఏకీభవించలేదు. తిప్పతీగకు బదులు దాని దాయాది అయిన మరొక జాతి తీగను వాడి ఉండవచ్చునని వాదించింది. ఆ దాయాది కాండం మీద బొబ్బలవంటి బుడిపెలు దట్టంగా ఉంటాయి. అసలు తిప్పతీగ బెరడు పలుచని కాగితంలా ఊడివస్తుంది, ఆకు హృదయాకారంలో నున్నగా ఉంటుంది. ఏ పక్షం చెప్పినది పూర్తిగా సరియైనదో ఇక్కడ తీర్పు చెప్పడం నా పని కాదు. కాని ఒక మాట చెప్పవచ్చు. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మొక్కను, ఆ శక్తి తన శరీరం మీదనే తిరగబడే జబ్బులు ఉన్నవారు, అంటే కొన్ని రకాల కాలేయపు వాపు, ల్యూపస్, రుమటాయిడ్ కీళ్ళవాతం వంటివి ఉన్నవారు, వైద్యుని అడగకుండా నెలల తరబడి సేవించరాదు. ‘ప్రకృతి మందు గదా, ఏమవుతుంది’ అన్న ధోరణిని ఆయుర్వేదం ఎన్నడూ ఒప్పుకోలేదు. మోతాదు, కాలం, రోగి ప్రకృతి, అనుపానం అని ఇన్ని నియమాలు పెట్టినది ఎందుకు?

తంగేడు

తంగేడు పూస్తే బతుకమ్మ వచ్చినట్లు. గునుగు, తంగేడు కలిపి పేర్చే ఈ పూల పండుగ తెలంగాణలో తప్ప మరెక్కడా ఇంత వైభవంగా లేదు. 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ఎంపిక చేశారు. గచ్చిబౌలి రాళ్ళ మధ్య భాద్రపద ఆశ్వయుజ మాసాలలో పసుపు రంగు కనబడిందంటే అది తంగేడే. పండుగ ముందు రోజులలో శివార్ల నుండి స్త్రీలు గంపలకెత్తి తెచ్చి మార్కెట్లలో అమ్ముతారు. ఒకప్పుడు పొలిమేరలో ఉచితంగా దొరికిన పూవుకు ఇప్పుడు కట్టకు ధర.

బెరడు తోలు ఊనడానికి పనికివచ్చేది, అంత వగరు. ఆ వగరే అతిసారాన్ని, అతిమూత్రాన్ని అరికడుతుందని వైద్యులు వాడారు. పూల కషాయం మధుమేహంలో మంచిదని తమిళ, తెలుగు దేశాలలో గట్టి నమ్మకం. ఎండబెట్టిన పూలతో టీ పొట్లాలు కూడా అమ్ముతున్నారు. జంతువుల మీద జరిగిన పరీక్షలలో రక్తంలోని చక్కెర తగ్గినట్లు కనుగొన్నారు. మనుషుల మీద పెద్ద పరీక్షలు జరగవలసి ఉన్నది. గుప్పెడు ఎండుపూలు రెండు గ్లాసుల నీటిలో కాచి ఒక గ్లాసు చేసుకొని త్రాగడం సాధారణంగా హాని చేయదు. కాని మధుమేహపు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు దానికి తోడుగా దీనిని మొదలుపెడితే చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం లేకపోలేదు. మాత్రలు మానివేసి దీని మీదనే ఆధారపడితే అంతకంటె పెద్ద ప్రమాదం. మధుమేహాన్ని, క్యాన్సరును నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. అయినప్పటికీ బస్సుల వెనుక, కరపత్రాలలో అటువంటి హామీలు కనబడుతూనే ఉన్నవి. ‘పూర్తిగా నయం’ అన్న మాట కనబడిన చోట డబ్బు ఖర్చు చేయకండి.

ఇవి గాక కంచలో ఉన్నవి ఎన్నో. ఉత్తరేణి పుల్లతో పళ్ళు తోమేవారు. వావిలాకు మరిగించిన నీటితో బాలింతకు స్నానం చేయించేవారు; ఒళ్ళునొప్పులకు ఆ కాపడం నేటికీ హాయినిస్తుంది. ఎర్ర గలిజేరు పప్పులో వేస్తే రుచి, వాపులకు మేలు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు మాత్రం ఇందులోని పొటాషియం కారణంగా వైద్యుని అడగకుండా తినరాదు. నేలవేము చేదులలో రాజు. జ్వరాలకు తమిళనాడు ప్రభుత్వం దీని కషాయాన్ని డెంగ్యూ కాలంలో పంచిపెట్టింది. మన నగరంలోనూ వానాకాలం డెంగ్యూ తప్పడం లేదు కనుక చెబుతున్నాను: మూడవ రోజుకూ తగ్గని జ్వరం, కడుపునొప్పి, చిగుళ్ళ రక్తస్రావం ఉంటే కషాయపు గిన్నె దింపి ఆసుపత్రికి వెళ్ళాలి. మోదుగ, పల్లేరు, విష్ణుక్రాంత, నల్లేరు, గుంటగలగర ఒక్కొక్కటి ఒక్కొక్క వ్యాసానికి తగినవి.

సుగంధిపాల గురించి మాత్రం రెండు మాటలు. బండల పగుళ్ళలో సన్నని తీగగా ప్రాకే ఈ మొక్క వేరు విరిస్తే కమ్మని వాసన. రక్తశుద్ధికి, వేసవి తాపానికి షర్బతు. రాయలసీమలో నన్నారి పేరుతో అమ్మే షర్బతుకు ఎక్కువగా వాడేది మారేడు గడ్డలను. అడవిలో త్రవ్వి త్రవ్వి ఆ జాతి ఇప్పుడు అంతరించే ప్రమాదంలో పడినది. ఆకు కోస్తే మొక్క బ్రతుకుతుంది, పూవు కోస్తే బ్రతుకుతుంది. వేరు త్రవ్వితే ఆ మొక్కతో సరి. మన ప్రసిద్ధ ఔషధాలలో ఎన్నో వేళ్ళే కావడం విచారకరం. సర్పగంధ సంగతి చూడండి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఆ వేరు రక్తపు పోటును తగ్గిస్తుందని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వ్రాశారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు దాని నుండి రిసర్పిన్ వేరుచేశారు. రక్తపు పోటు చికిత్సలో కొత్త యుగం మొదలైంది. మన అడవులలో సర్పగంధ మాత్రం కరిగిపోయింది.

ఎవరి సొత్తు?

పసుపు పుండ్లు మాన్పుతుందన్న ‘ఆవిష్కరణ’కు 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథాలను, పత్రాలను సాక్ష్యంగా చూపి పోరాడగా 1997లో అది రద్దయింది. వేపనూనెతో బూజు నివారించే పద్ధతికి ఐరోపాలో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయి, 2005లో అప్పీలు కూడా కొట్టివేయబడింది. ఈ అనుభవాల ఫలితంగా 2001లో సంప్రదాయ విజ్ఞానాన్ని కంప్యూటరులో భద్రపరచే గ్రంథాలయం మొదలైంది.

ఈ పోరాటాలలో ఒక సంగతి తేటతెల్లమైంది. వ్రాతలో ఉన్న విద్యకు సాక్ష్యం చూపవచ్చు. బసవరాజీయం వంటి తెలుగు, సంస్కృతాలు కలిసిన వైద్యగ్రంథాలు తాళపత్రాలలో ఉన్నవి కనుకనే మనకు దక్కాయి. మీ నాయనమ్మ నోట ఉన్న చిట్కాకు ఏ సాక్ష్యమూ లేదు. ఆమె మరణంతో అది పోతుంది. కనుక ఇంట్లో వృద్ధులు ఉన్నవారు ఒక నోటు పుస్తకంలో ఏ ఆకు, ఏ భాగం, ఏ ఋతువులో కోశారు, ఎంత, ఏ జబ్బుకు, ఎవరికి ఇవ్వకూడదు అని అడిగి వ్రాసుకోండి. పేరు ఒక్కటే చాలదు. ఒక జిల్లాలో తెల్ల గలిజేరు అన్నది మరొక జిల్లాలో వేరొక మొక్క అయ్యే అవకాశం ఉన్నది. ఎండబెట్టిన ఒక రెమ్మను ఆ పుటలోనే అతికించండి.

తప్పుగా గుర్తించిన మొక్క మందు కాదు, విషం. ఇందుకు గట్టి ఉదాహరణ 1990ల మొదట్లో బెల్జియంలో జరిగింది. బరువు తగ్గడానికి ఇచ్చిన మూలికల మిశ్రమంలో ఒకదానికి బదులు అరిస్టొలోకియా జాతి మొక్క కలిసి, నూరుమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆ మొక్కలోని ఆమ్లాన్ని మనుషులలో క్యాన్సరు కలిగించేదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం ప్రకటించింది. మన నల్లరేగడి చేలలో పెరిగే గాడిదగడప ఆ జాతిదే. పిల్లల కడుపులో పురుగులకు దాని ఆకు రసం పోసే అలవాటు పాతకాలంలో ఉన్నది. ఆ అలవాటును మానివేయవలసినదే. సంప్రదాయమంటే గౌరవం ఉన్నవారే ఈ మాట ముందుగా చెప్పాలి. అలాగే గురివింద గింజ, పచ్చగన్నేరు కాయ, ఉమ్మెత్త గింజ పిల్లలకు అందేచోట ఉండరాదు. వేపనూనెను పసిపిల్లలకు త్రాగించరాదు.

ఇంకొక ప్రమాదం నగరానిది. ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన, మురుగు కాలువ గట్టున, కలుపు మందు చల్లిన ఖాళీ స్థలంలో పెరిగిన మొక్క ఎంత శ్రేష్ఠమైనదైనా కోయకండి. వాహనాల పొగలోని లోహాలు, మురుగులోని విషాలు ఆకుల్లోకి చేరుతాయి. శుచియైన దేశంలో పుట్టిన ఔషధాన్నే గ్రహించాలన్న పాత నియమాన్ని ఈనాటి భాషలో చెబితే అదే.

నాలుగు వందల ఎకరాలు

2025లో ఈ కంచ దేశమంతటా వార్త అయింది. విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న 400 ఎకరాల కంచ గచ్చిబౌలి భూమిని ఐ.టి. తదితర అభివృద్ధికి వినియోగించాలని రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. 2004లో ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చి, 2006లో రద్దు చేసిన భూమి అది. సుదీర్ఘ వ్యాజ్యం తరువాత 2024లో తీర్పు ప్రభుత్వానికి అనుకూలంగా వచ్చింది. 2025 మార్చి 30న యంత్రాలు దిగాయి. విద్యార్థులు అడ్డుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణకు స్వీకరించి చెట్ల నరికివేతను నిలిపివేయించింది. అప్పటికే దాదాపు 100 ఎకరాలు చదునయ్యాయి. ఏప్రిల్ 16న ఆ నేలను ఎలా పునరుద్ధరిస్తారో చెప్పవలసిందిగా ప్రభుత్వాన్ని ఆదేశించింది. అది రెవెన్యూ భూమియే గాని అడవి కాదని ప్రభుత్వ వాదన. కాగితంలో ఏమని వ్రాసి ఉన్నా నేలమీద ఉన్నది అడవియేనని పర్యావరణవాదుల వాదన.

భూమి హక్కు న్యాయస్థానాల విషయం. మూలికల పక్షాన మాత్రం ఒక మాట చెప్పాలి. ఇటువంటి వివాదాలలో లెక్క ఎప్పుడూ చెట్లకే. ఇన్ని చెట్లు కొట్టాము, అన్ని మొక్కలు నాటుతాము అంటారు. నేల ఉసిరి చెట్టు కాదు. విష్ణుక్రాంత బెత్తెడు ఎత్తు కూడా లేదు. సుగంధిపాల తీగను ఎవరు లెక్కిస్తారు? వీటి విత్తనాలు ఆ జానెడు మట్టిలో నిద్రిస్తూ వానకై ఎదురుచూస్తుంటాయి. మట్టిని గీకివేసిన తరువాత అక్కడ వేయి కానుగ మొక్కలు నాటినా ఆ నిద్రించే విత్తనాలు తిరిగి రావు. రోడ్ల మధ్య నాటే కోనోకార్పస్ వంటి విదేశీ చెట్ల పచ్చదనానికి, కంచ పచ్చదనానికి ఉన్న తేడా చూసేవారికి కనబడదు, వైద్యునికి కనబడుతుంది.

గచ్చిబౌలికి దగ్గరలోని కొత్తగూడలో, కోట్ల విజయభాస్కరరెడ్డి పేరిట ఉన్న అటవీశాఖ వృక్షోద్యానంలో ఔషధ మొక్కల విభాగం ఉన్నది. ఒక ఆదివారం పిల్లలను తీసుకువెళ్ళి, పేరు పలకలు చూపి, ఆకు వాసన చూపించండి, కోయనివ్వకండి. మొక్కను గుర్తించడంలో సందేహం ఉన్నవారు ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద వైద్య కళాశాల ఆసుపత్రిలో వైద్యులను అడుగవచ్చు. బోడుప్పల్‌లో కేంద్ర ఔషధ సుగంధ మొక్కల పరిశోధన సంస్థ శాఖ ఉన్నది. సాగు చేయదలచినవారికి అది దారి.

ఇంట్లో పెంచుకొనదలచిన గృహిణులకు బాల్కనీలో నాలుగు కుండీలు చాలు. ఎండ ఎక్కువగా పడే చోట అడ్డసరం కొమ్మ ముక్క నాటండి. రెండు కణుపులు మట్టిలో ఉంటే వానాకాలంలో తప్పక చిగురిస్తుంది. దాని ప్రక్కన తులసి. మూడవ కుండీలో తిప్పతీగ. బాల్కనీ ఊచలకు ప్రాకించండి, ఏడాది దాటి బొటనవేలంత లావు అయిన కాండమే మందుకు పనికివస్తుంది. నాలుగవ కుండీలో ఏమీ నాటకండి. కంచ మట్టి, లేదా పాత పెరటి మట్టి ఒక బుట్టెడు తెచ్చి నింపి, మొదటి వానకు ఆరుబయట పెట్టండి. అందులో ఏమేమి మొలుస్తాయో చూసి పేర్లు వ్రాసుకోండి. కషాయం కాచేవారు శార్ఙ్గధరుడు చెప్పిన లెక్క గుర్తుంచుకోవాలి: ఎండు మూలిక ఒక పాలు, నీరు పదహారు పాళ్ళు, సన్నని సెగ మీద ఎనిమిదవ వంతు మిగిలేదాకా. అల్యూమినియం గిన్నె వద్దు. మట్టి కుండ గాని స్టీలు గిన్నె గాని వాడండి. మూత పెట్టకుండా కాచాలి. ఏ రోజు కాచినది ఆ రోజే త్రాగాలి. ఫ్రిజ్‌లో దాచి మర్నాడు వేడిచేసుకోవడం వద్దు.